ములాఖత్ గేటు బయట ఎవరున్నారు?

నేను డిగ్రీ చదివే రోజుల్లో మా బస్సు చంచల్‌గూడ జైలు ముందునుంచి వెళ్ళేది. గోడవారన ఎప్పుడూ కొంతమంది సంచులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునుండేవారు. దాదాపు అందరూ ఆడవాళ్ళే. తల్లులు, భార్యలు, అక్కచెల్లెళ్ళు. చంటిపిల్లల్ని ఎత్తుకున్నవాళ్ళు. లోపలున్నవాళ్ళ నేరాల గురించి ఆలోచించాను గానీ, ఆ రోజు కూలి పోగొట్టుకుని, చార్జీలు పెట్టుకుని వచ్చిన ఈ ఆడవాళ్ళకి ఎంత ఖర్చయిందో అప్పట్లో ఆలోచించలేదు. షేన్ బావర్ 'అమెరికన్ ప్రిజన్' (2018) చదువుతున్నంతసేపూ వాళ్ళే గుర్తొచ్చారు. జైలుని లాభాల వ్యాపారంగా నడపడం గురించి ఇంత వివరంగా రాసిన పుస్తకంలో వాళ్ళ కోసం వెతుక్కున్నాను. చాలా తక్కువ చోట్ల దొరికారు.

ముందు ఈ పుస్తకం సాధించినదేమిటో చెప్పాలి. బావర్ పత్రికా రచయిత. ఇరాన్‌లో 26 నెలలు ఖైదీగా ఉన్నవాడు. 2014 చివర్లో లూసియానాలోని విన్ కరెక్షనల్ సెంటర్‌లో గంటకు 9 డాలర్ల జీతానికి గార్డుగా చేరి, నాలుగు నెలలు పనిచేశాడు. అప్పట్లో ఆ జైలుని నడిపింది కరెక్షన్స్ కార్పొరేషన్ ఆఫ్ అమెరికా. 1983లో పుట్టి, షేర్ మార్కెట్‌కెక్కి, 2016లో కోర్‌సివిక్‌గా పేరు మార్చుకున్న కంపెనీ. రాష్ట్ర ప్రభుత్వం అప్పట్లో ఒక్కో ఖైదీకి రోజుకి సుమారు 34 డాలర్లు ఇచ్చేది. అందులో ఖర్చు చెయ్యకుండా మిగిల్చిందే లాభం. కాబట్టి గార్డుల్ని తగ్గిస్తారు, డాక్టర్లని తగ్గిస్తారు, చదువులూ పనులూ నేర్పే కార్యక్రమాల్ని ఆపేస్తారు. నొప్పి అని మొత్తుకున్నా పెద్దాసుపత్రికి పంపకపోవడంతో గాంగ్రీన్ ముదిరి ఒక ఖైదీ రెండు కాళ్ళూ పోగొట్టుకుంటాడు. మరొక కుర్రాడు ఉరి వేసుకుంటాడు. చనిపోయేనాటికి అతని బరువు 71 పౌన్లు, అంటే 32 కిలోలు. ఆసుపత్రిలో ప్రాణం పోకముందే అతన్ని కాగితాల మీద విడుదల చేయించడంతో, ఆ మరణం కంపెనీ లెక్కలోకి రాలేదు.

బావర్ తనని తాను మినహాయించుకోలేదు. ఖైదీగా బతికినవాడే గార్డు యూనిఫాం వేసుకున్నాక రోజురోజుకీ మొరటుగా మారిపోవడం, చిన్న తప్పులకి కూడా రిపోర్టులు రాసి సంతోషించడం దాచకుండా చెప్పాడు. మనిషి చెడ్డవాడు కానక్కర్లేదు, ఆ ఉద్యోగం చాలు అని మనకి అర్థమవుతుంది. ఈ నిజాయితీ వల్లనే పుస్తకాన్ని నమ్ముతాం.

తన అనుభవంతో పాటు ఒక అధ్యాయం విడిచి ఒక అధ్యాయంగా జైలు వ్యాపారం చరిత్ర కూడా చెప్పాడు. అంతర్యుద్ధం తర్వాత నల్లవాళ్ళని చిన్నచిన్న నేరాలకి పట్టుకుని తోటలకీ గనులకీ రైలుమార్గాలకీ అద్దెకివ్వడం దగ్గరనుంచి, ఖైదీలతో పత్తి తీయించిన టెక్సాస్ జైలు తోటకి అధికారిగా ఉన్న టి. డాన్ హట్టో తర్వాత ఈ కంపెనీ స్థాపకుల్లో ఒకడు కావడం దాకా. ఈ చరిత్రలో ఒకచోట నేను ఆగిపోయాను. 1848లో లూసియానా ఒక చట్టం చేసింది. యావజ్జీవ శిక్ష పడిన బానిస స్త్రీలు జైల్లో కన్న బిడ్డలు ప్రభుత్వ ఆస్తి అవుతారు. పదేళ్ళు వచ్చేదాకా తల్లి దగ్గర ఉంచి, తర్వాత వేలం వేస్తారు. వచ్చిన డబ్బు బడులకి. ఆ బడుల్లో చదివేది తెల్లపిల్లలు.

జైలు వ్యాపారం గురించి ఇంతకన్నా నగ్నమైన ఉదాహరణ నాకు తెలీదు. ఇక్కడ అమ్ముడుపోయింది ఖైదీ చేతులు కాదు, ఖైదీ గర్భం. పదేళ్ళు ఆ తల్లి చేసిన పెంపకానికి కూలి లేదు, అది వేలం ధరగా మారి ఖజానాకి చేరింది. బావర్ ఈ సంగతిని దాచలేదు, చెప్పాడు. కానీ కొద్ది పేజీల్లో చెప్పి ముందుకి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత శ్రమ అంటే ఆయనకి పత్తి తీసే, బొగ్గు తవ్వే మగవాళ్ళ శ్రమే. గర్భాన్నీ పెంపకాన్నీ పెట్టుబడిగా వాడుకున్న ఆ పద్ధతి ఇప్పుడు ఏ రూపంలో ఉంది అన్న ప్రశ్న ఆయనకి రాలేదు. అది మనం వెయ్యాల్సిన ప్రశ్న.

దానికి జవాబు మార్తా రైట్ అనే అమ్మమ్మ కథలో ఉంది. వాషింగ్టన్‌లో ఉండే రిటైరైన నర్సు. మనవడు దూర రాష్ట్రాల జైళ్ళలో. చూపు పోవడంతో ఉత్తరాలు రాసుకోవడం కుదరదు, ఫోనే దిక్కు. ఆ ఫోను చార్జీలు భరించలేక 2000లో సరిగ్గా ఈ కంపెనీ మీద, ఫోన్ కంపెనీల మీద కోర్టుకెక్కింది. జైలుకి ఒకే ఫోన్ కంపెనీ ఉంటుంది. తన రాబడిలో కొంత కమీషన్‌గా జైలు నడిపేవాళ్ళకి ఇస్తుంది. ఆ కమీషన్ కట్టేది అమ్మమ్మ. కోర్టు ఆమెని టెలిఫోన్ వ్యవహారాలు చూసే కేంద్ర కమిషన్ దగ్గరకి పొమ్మంది. 2003లో ఆమె అక్కడ అర్జీ పెడితే, కమిషన్ చార్జీలకి పరిమితి పెట్టింది 2013లో. 2015లో ఆమె చనిపోయింది. ఆమె పేరుతో చట్టం వచ్చింది 2023 జనవరిలో. దాని కింద 2024లో తెచ్చిన కొత్త పరిమితుల అమలుని 2025లో వాయిదా వేశారు.

మార్తా రైట్ ఒంటరి కాదు. ఎల్లా బేకర్ సెంటర్, మరికొన్ని సంస్థలు కలిసి 14 రాష్ట్రాల్లో సర్వే చేసి 2015లో నివేదిక తెచ్చాయి. కోర్టు ఖర్చుల బాధ్యత మోసిన కుటుంబ సభ్యుల్లో 83 శాతం ఆడవాళ్ళు. ఫోన్లకీ ములాఖత్‌లకీ మూడింట ఒక కుటుంబం అప్పులపాలైంది. అంటే జైలు వ్యాపారానికి రాబడి రెండు వైపులనుంచి వస్తోంది. ఒకటి ప్రభుత్వం ఇచ్చే రోజువారీ డబ్బు. రెండోది ఆడవాళ్ళ కొంగుముడి. మొదటి ఖాతాని బావర్ అద్భుతంగా విప్పాడు. రెండోది ఆయన గార్డుగా నిలబడ్డ చోటునుంచి కనిపించదు. అది కనిపించాలంటే గేటు బయట నిలబడాలి.

అమెరికా రాష్ట్ర, కేంద్ర జైళ్ళలోని ఖైదీల్లో ప్రైవేటు జైళ్ళలో ఉన్నది సుమారు 8 శాతమే కదా అని కొందరంటారు. నిజమే. కానీ ఫోను, తిండి, వైద్యం కాంట్రాక్టులు ప్రభుత్వ జైళ్ళలోనూ ఉన్నాయి. ఆ అమ్మమ్మలు అక్కడా ఉన్నారు. ఏంజెలా డేవిస్ 2003లో వచ్చిన తన పుస్తకంలో చెప్పింది ఇదే కోవలోది: జెండర్ అంటే ఆడఖైదీల గురించి విడిగా కలపాల్సిన అధ్యాయం కాదు, మొత్తం జైలు వ్యవస్థ నిర్మాణాన్నే అది తీర్చిదిద్దుతుంది. బావర్ కన్నా పదిహేనేళ్ళ ముందు ఆమె తెరిచిన దారి ఇది. ఆయన అటు నడవలేదు.

మన దగ్గర జైళ్ళు ప్రభుత్వానివే. అయినా 2016లో సంగారెడ్డి పాత జైల్లో 500 రూపాయలు కట్టి ఒకరోజు ఖైదీగా గడపొచ్చన్నప్పుడు మనం దాన్ని సరదా వార్తగానే చదివాం. డబ్బు కట్టి జైలు చూసొచ్చేవాళ్ళ గురించి ఫొటోలతో రాశారు. ఏళ్ళ తరబడి డబ్బు ఖర్చు పెట్టుకుని జైలు గోడ మాత్రమే చూసి వెళ్ళే ఆడవాళ్ళ గురించి ఎవరూ రాయలేదు.

బావర్ పుస్తకం తప్పకుండా చదవండి. తెలుగులోకి రావాల్సిన పుస్తకం. అయితే చదివాక మీ ఊరి జైలు ముందు ఒక ములాఖత్ రోజున కాసేపు కూర్చోండి. వచ్చినవాళ్ళని వాళ్ళ మనిషి చేసిన నేరం గురించి అడక్కండి. ఇక్కడికి రావడానికి ఎంతయింది, ఎవరి దగ్గర అప్పు తెచ్చావు, ఇవాళ్టి కూలి ఎంత పోయింది అని అడగండి. వాళ్ళు చెప్పింది రాయండి.