గోడకు మేకు

హైదరాబాద్ నాచారంలో నా ఫ్లాటు చూడటానికి వచ్చిన మొదటి మనిషి హాల్లో నిలబడి అడిగిన మొదటి మాట: "యూడీఎస్ ఎంత మేడం?"

చాలా ఏళ్లు కాపురమున్న ఇల్లది. పొద్దున తూర్పు కిటికీలోంచి ఎండ వంటగది దాకా వస్తుందని చెబుదామనుకున్నాను. ఎదురింటివాళ్లు ఎంత మంచివాళ్లో కూడా. ఆయనకు కావలసింది మాత్రం ఆ 1,050 చదరపు అడుగుల కింద నేలలో నా వాటాకొచ్చే గజాలు. 32 అన్నాను. ఆయన ముఖం చూశాక నేను అమ్ముతున్నదేమిటో నాకూ కాస్త తెలిసింది. గోడలు ఏటేటా పాతబడతాయి, లిఫ్టు మార్చాల్సిన రోజు వస్తుంది, డాబా మీద వాటర్ ప్రూఫింగ్‌కు సొసైటీ తలా ఇంత వేసుకోమంటుంది. విలువ పెరిగేదేదైనా ఉంటే అది ఆ 32 గజాలే.

2011లో 28 లక్షలకు కొన్నాను. అమ్మ ఒంటరిగా ఉండలేని వయసుకొచ్చాక రామంతాపూర్‌లో ఆమె దగ్గరికి మారిపోయి, ఫ్లాటును ఏడాది పాటు 16,000కు అద్దెకిచ్చాను. అందులో 2,500 మెయింటెనెన్స్ నేనే కట్టేదాన్ని. ఇల్లు 62 లక్షలు పలుకుతున్నప్పుడు నా చేతికి మిగులుతున్నది ఏడాదికి 1,62,000. నూటికి రెండున్నర రూపాయల పైచిలుకు. బ్యాంకులో వేసినా అంతకు రెట్టింపు పైనే వచ్చేది. అమ్మేసి, కింద నేల ఎక్కువున్న పాత ఇండిపెండెంట్ ఇల్లు కొని పోర్షన్లుగా అద్దెకివ్వాలన్న ఆలోచన అక్కడ మొదలైంది.

అమ్మకంలో నన్ను ఎక్కువ బాధపెట్టిన ప్రశ్న గజాల గురించి కాదు. రెండో పార్టీ కూర్చుని టీ తాగి, "వైట్ ఎంత, బ్లాక్ ఎంత?" అంది, ఊరూ పేరూ అడిగినంత మామూలుగా. ప్రభుత్వ విలువకు రిజిస్ట్రేషన్ చేసి మిగతాది నోట్లలో ఇస్తామన్నారు. స్థిరాస్తి అమ్మకంలో 20,000 గానీ అంతకు మించి గానీ నగదు తీసుకుంటే, తీసుకున్నంత సొమ్మూ జరిమానాగా కట్టాల్సి రావచ్చు. చట్టం సంగతి అలా ఉంచినా, ముప్ఫై లక్షల నోట్లు బీరువాలో పెట్టుకుని రేపు అమ్మ ఆసుపత్రి బిల్లు ఎలా కట్టను? కుదరదన్నాను. ఆ బేరం పోయింది. ఇంకో నాలుగు నెలలు ఆగాను. చివరికి బ్యాంకు లోనుతో కొనే ఓ యువ జంట వచ్చింది. బయానా నుంచి ఆఖరి చెక్కు దాకా అంతా ఖాతాలోనే. ధర 50 లక్షలు దాటింది కాబట్టి వాళ్లు నా సొమ్ములోంచి ఒక శాతం, 62,000, టీడీఎస్‌గా కట్టి రసీదు ఇచ్చారు. నాలుగు నెలలు ఆగినందుకు నాకు ఏ చింతా లేదు.

ఇక పన్ను. ఇక్కడ చాలామంది కంగారుపడి తప్పు చేస్తారని నా నమ్మకం. నేను అమ్మింది 2024 చివర్లో. ఆ ఏడాది జూలై 23న రూలు మారింది. అంతకు ముందు కొన్న ఇళ్లకు, మన దేశంలో ఉండేవాళ్లకు, రెండు దారులున్నాయి: మొత్తం లాభం మీద పన్నెండున్నర శాతం, లేదా కొన్న ధరను సూచీ ప్రకారం పెంచి మిగిలిన లాభం మీద 20 శాతం. అమెరికాలో ఉంటూ ఇక్కడి ఫ్లాటు అమ్ముకున్న మా పిన్ని కొడుక్కి ఈ రెండో దారి లేదు. నాకు మొదటి లెక్కలో పన్ను నాలుగుంపావు లక్షలు. రెండో లెక్కలో నా 28 లక్షలు 55 లక్షల పైకి వెళ్లాయి కాబట్టి లక్షా 35 వేలు.

"ఆ పన్ను కట్టే బదులు రెండేళ్లలో ఇంకో ఇల్లు కొనేయండి మేడం, అంతా మాఫీ" అన్నాడు బ్రోకరు. నిజమే, లాభమంతా ఇంకో ఇంటిలో పెడితే పన్ను ఉండదు, ఆ ఇల్లు అద్దెకిచ్చుకున్నా అభ్యంతరం లేదు. మూడేళ్ల దాకా అమ్మకూడదంతే. కానీ 88 లక్షల ఇల్లు కొంటే తెలంగాణలో స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషను కలిపి ఏడున్నర శాతం, అంటే 6,60,000. లక్షా 35 వేలు మిగుల్చుకోవడానికి ఆరున్నర లక్షలు ఖర్చు పెట్టడం ఏం లెక్క? కొనే ఇంటికి దాని సొంత కారణం ఉండాలి. పన్ను కోసం ఇల్లు కొనకండి. ఈ ఒక్క మాట నాకెవరైనా ముందే చెప్పి ఉంటే ఆ రోజుల్లో నిద్రపోయేదాన్ని.

బోడుప్పల్‌లో 120 గజాల ఇల్లు దొరికింది. 2006లో, అక్కడ ఇంకా గ్రామ పంచాయతీ ఉన్న రోజుల్లో కట్టింది. పర్మిషను కింద ఒకటి, పైన ఒక అంతస్తుకే. ఆ పైన డాబా మీద గది తర్వాత వేసుకున్నది. బ్యాంకు వాల్యూయర్ ఆ గదికి రూపాయి కూడా కట్టలేదు. నేనూ దాన్ని అద్దెకివ్వలేదు. ఆస్తి మీద తనఖాలేవైనా ఉంటే చూపే ఈసీ, పాత లింకు డాక్యుమెంట్లు లాయరు చదవడానికి మూడు వారాలు పట్టింది. లోను 30 లక్షలు, ఈఎంఐ 26,500. కింద డబుల్ బెడ్‌రూమ్‌కు 12,000, పైన రెండు సింగిల్ బెడ్‌రూమ్‌లకు చెరి 8,500. మొత్తం 29,000. ఈఎంఐ పోగా 2,500 మిగులుతుందని డైరీలో రాసుకుని, కింద గీత కూడా గీశాను.

అద్దెకు ఇచ్చేవాళ్లుగా మారేముందు మేం చాలాకాలం అద్దెకున్నవాళ్లం. నాన్న తెనాలిలో టీచరు. నాకు పదిహేనేళ్లు వచ్చేలోగా ఏడు ఇళ్లు మారాం. ప్రతి ఇంట్లో మొదటి రోజు వినిపించే మాట ఒకటే: గోడకు మేకులు కొట్టకూడదు. మా గడియారం ఎప్పుడూ బీరువా మీదే ఉండేది. క్యాలెండరు కిటికీ ఊచకు వేలాడేది, గాలి వస్తే నెలలు తారుమారయ్యేవి. ఖాళీ చేసిన ప్రతిసారీ రంగుల పేరు చెప్పి అడ్వాన్సులో ఒక నెల అద్దె కోసేవారు. నాన్న ఏమీ అనేవారు కాదు. కొత్త ఇంటికి ముందు తాను వెళ్లి, మేం వచ్చేలోపు బావి చుట్టూ కడిగి ముగ్గుపిండి డబ్బా గుమ్మం పక్కన పెట్టేవారు.

ఉద్యోగానికి హైదరాబాద్ వచ్చాక నేను గది వెతుక్కున్నప్పుడు ఇంకో ప్రశ్న నేర్చుకున్నాను. "మీరేమిట్లు?" అని నేరుగా అడిగేవారు కొందరు. అలా అడగడం బాగోదనుకున్నవారు "మీ ఇంటిపేరేంటమ్మా?" అనేవారు. రెండూ ఒకటే. జవాబు విని "మా చెల్లెలు వస్తానంది, ఆ పోర్షను దానికి" అన్న ఒకావిడ గేటుకు టు-లెట్ బోర్డు ఇంకో నెల రోజులు వేలాడుతూనే ఉంది. ఆ వీధిలోంచే బస్టాపుకు నడిచేదాన్ని కాబట్టి రోజూ కనబడేది.

అందుకే బ్రోకరు "బోర్డు మీద ఫ్యామిలీస్ ఓన్లీ, వెజ్ ఓన్లీ అని రాయించమంటారా?" అన్నప్పుడు నేను తీసుకున్న నిర్ణయం వ్యాపారం కోసం కాదు. బోర్డు మీద గదులు ఎన్నో, అద్దె ఎంతో, అడ్వాన్సు రెండు నెలలని రాశాం. అద్దె అంకె రాయడం వింతగా ఉందన్నాడు. మనిషి బట్టలు చూసి రేటు మార్చకుండా ఉండటానికి అంతకంటే మంచి దారి నాకు తోచలేదు. వచ్చినవాళ్లను ఎంతమంది ఉంటారు, ఏం పని చేస్తారు అని అడిగాను. ఎంతమంది అన్నది సంపు నీళ్ల కోసం. కింద ఓ నర్సు, వాళ్లమ్మ. పైన ఒక పోర్షన్లో ఇద్దరు డెలివరీ కుర్రాళ్లు. బ్యాచిలర్లని పదకొండు ఇళ్లలో కాదన్నారట. రెండోదాంట్లో ఉప్పల్‌లో పనిచేసే అతను, ఇంట్లో బట్టలు కుట్టే అతని భార్య, చిన్న పిల్ల.

డైరీలో ఆ గీత మొదటి వానకే చెరిగిపోయింది. పడమటి గోడ చెమ్మ పట్టింది. పై బాత్‌రూమ్ నీళ్లు కింది వంటగది పైకప్పులోకి దిగాయి. దాన్ని బాగుచేయిస్తూ ఒక పోర్షను రెండు నెలలు ఖాళీగా ఉంచాను. ఇంటికంతా ఒకే కరెంటు మీటరు ఉండేది, యూనిట్లన్నీ కలిసి పై స్లాబులోకి పోయి బిల్లు మీద తగాదా వచ్చేది. పోర్షనుకో మీటరు పెట్టించాను. 2024 మార్చి నుంచి రేషన్ కార్డున్నవాళ్లకు నెలకు 200 యూనిట్ల దాకా ఉచితం కదా, అద్దెకున్నవాళ్లకూ అది వర్తిస్తుంది. మీటరు వేరుగా ఉండటంతో పైన కుట్టుపని చేసే అమ్మాయికి అది అందింది. ఏడాది చివర లెక్క చూస్తే మరమ్మతులు 61,000, ఖాళీ నెలలకు 17,000, ఇంటి పన్ను 6,400. ఈఎంఐకి నా జీతంలోంచి 54,000 పైన కలిపాను.

అద్దె వడ్డీ లాంటిదనుకుని దిగినవాళ్లు ఇక్కడే విసిగిపోతారు. వడ్డీకి మనం ఏమీ చేయనక్కర్లేదు. అద్దెకు ప్లంబరు వెంట నిలబడాలి, సంపులో దిగి నాచు చూడాలి, రాత్రి పదింటికి మోటారు కాలిందని ఫోనొస్తే ఎత్తాలి. అది కూలి. కూలి అనుకున్నాక నాకు ఆ పని నచ్చింది. చెమ్మ ఎక్కడినుంచి వస్తోందో గోడ మీద చెయ్యి పెట్టి చెప్పగలుగుతున్నాను ఇప్పుడు. అందరిలా నేనూ పదకొండు నెలల అగ్రిమెంటే రాస్తాను. అందులో ఒక వాక్యం నాది: ఖాళీ చేసేటప్పుడు రంగుల ఖర్చు ఓనరుదే.

మొన్న గురువారం పైపోర్షన్ అమ్మాయి ఫోన్ చేసింది. గొంతు తగ్గించి, "అక్కా, గోడకు మొల కొట్టుకోవచ్చా? ఒక్కటే. మా అత్తమ్మ ఫొటోకు" అంది. వాళ్లు దిగి చాలా నెలలైంది. ఆ ఫొటో ఇన్నాళ్లూ కుట్టు మిషను పక్కన గోడకు ఆనించి ఉండటం నేనూ చూశాను, ఎందుకో అడగలేదు.

సుత్తితో కొడితే పాత ప్లాస్టరు పెచ్చులూడుతుంది, ఆగమ్మా, ఆదివారం డ్రిల్లు తెస్తాను, ఎక్కడెక్కడ కావాలో గుర్తు పెట్టి ఉంచు అన్నాను.

వెళ్లేసరికి గోడ మీద పెన్సిలుతో ఐదు చుక్కలున్నాయి. ఒకటి చాలా కిందికి, పిల్ల చేతికందే ఎత్తులో.