ఎర్రగీతలో సూర్యుణ్ణి పట్టేవాళ్లు

గుంటూరు పేరెత్తగానే సైన్సు చదివినవాళ్లు హీలియం అంటారు. 1868 ఆగస్టు 18న, సంపూర్ణ సూర్యగ్రహణం నాడు, ఫ్రాన్సు నుంచి వచ్చిన ఖగోళ శాస్త్రజ్ఞుడు జాన్సెన్ అక్కడే హీలియం కనిపెట్టాడని పోటీ పరీక్షల పుస్తకాల్లో కూడా ఉంటుంది. హీలియంను పట్టిచ్చిన పసుపు గీత సోడియంది కాదని పట్టుకున్నది మాత్రం ఇంగ్లండులో నార్మన్ లాకియర్, అదీ గ్రహణం అయిన రెండు నెలలకు. ఆ వాటాలు చరిత్రకారులు తేల్చుకుంటారు. నా పట్టుదల వేరు. గుంటూరు గర్వపడవలసింది 18వ తేదీకి కాదు, ఆ మర్నాటికి.

గ్రహణం నాడు సూర్యుడి అంచున ఎగసిన జ్వాలల వర్ణపటంలో హైడ్రోజన్ గీతలు ధగధగా మెరిశాయి. ఇంత వెలుగుంటే వీటిని చూడటానికి గ్రహణం దేనికని జాన్సెన్‌కు తోచింది. 19వ తేదీ పొద్దున వర్ణపటదర్శినిలోని సన్నని చీలికను మామూలు సూర్యుడి అంచుకు ఆనించి చూశాడు. గీత వెలిగింది! అప్పటిదాకా ఆ జ్వాలలను మనిషి చూడగలిగింది సంపూర్ణ గ్రహణం ఉన్న కాసిని నిమిషాలే. ఆ పొద్దుటితో అవి పట్టపగటి దృశ్యాలైపోయాయి. జాన్సెన్ పదిహేడు రోజులు చూస్తూనే ఉన్నాడు. కాకినాడ నుంచి సెప్టెంబరు 19న ఆయన రాసిన ఉత్తరం, లాకియర్ ఇంగ్లండు నుంచి పంపిన వార్త ప్యారిస్‌లోని సైన్సు అకాడమీకి ఒకే రోజు అందాయి. 1872లో ఫ్రెంచి ప్రభుత్వం ఇద్దరి ముఖాలూ ఒకే పతకం మీద చెక్కించింది.

ఆ హైడ్రోజన్ గీతల్లో ఎర్రదాని పేరే హైడ్రోజన్-ఆల్ఫా. దాని తరంగదైర్ఘ్యం 656.28 నానోమీటర్లు. ఇవాళ ప్రపంచంలో ఏ మూల ఏ ఔత్సాహికుడు తన డాబా మీద హెచ్-ఆల్ఫా టెలిస్కోప్ నిలబెట్టినా, గుంటూరులో ఆ పొద్దున మొదలైన పనినే చేస్తున్నాడు. ఈ విద్యకు పుట్టిల్లు మన తెలుగు నేల. ఈ మాట జనగామలో, మహబూబాబాద్‌లో, భూపాలపల్లిలో బడికి వెళ్లే పిల్లల చెవిన ఎవరూ వేయరు. అందుకే ఇంత గొంతెత్తి చెబుతున్నాను.

అదే గ్రహణాన్ని మన వాళ్లూ వదల్లేదు. మద్రాసు అబ్జర్వేటరీ తరఫున చింతామణి రఘునాథాచారి వనపర్తికి వచ్చి చూశారు. విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు 1840లో సొంత డబ్బుతో కట్టుకున్న అబ్జర్వేటరీని ఆయన తర్వాత అంకితం వెంకట నరసింగరావు నడిపారు. 1868 గ్రహణాన్నీ, 1874 డిసెంబరు 9న సూర్యబింబం మీదుగా శుక్రుడు దాటిపోవడాన్నీ ఆయన చూసి నమోదు చేశారు. జీతం కోసం కాక మక్కువ కొద్దీ ఆకాశం చూసేవాళ్లు మనకు కొత్త కాదు.

ఇక పరికరం సంగతి. మామూలు సోలార్ ఫిల్టరు ఎండను లక్షో వంతుకు తగ్గిస్తుంది. అందులో కనబడేది కాంతిమండలం, దాని మీది మచ్చలు, అంతే. దాని పైన సుమారు రెండు వేల కిలోమీటర్ల మందాన పరుచుకున్న వర్ణమండలం కింది వెలుగులో మునిగిపోయి కంటికి ఆనదు. ఆ ఒక్క ఎర్రగీతను ఉంచుకుని తక్కిన వెలుగంతా పారేస్తేనే అది బయటపడుతుంది. ఆ పారేసే పని ఎటలాన్‌ది. రెండు గాజు పలకలు, మధ్య మిల్లీమీటరులో పదో వంతుకు అటూఇటూ సందు. ఆ సందులో వెలుగు ముందుకూ వెనక్కూ తిరిగి తిరిగి, సందుకు సరిపోయే తరంగదైర్ఘ్యాలు మాత్రమే బయటికి వస్తాయి. వాటిలోంచి మనకు కావలసిన ఒక్కదాన్ని వేరే బ్లాకింగ్ ఫిల్టరు ఏరుతుంది. చివరికి మిగిలేది 0.7 ఆంగ్‌స్ట్రామ్ వెడల్పు, అంటే నానోమీటరులో పద్నాలుగో వంతు. రెండు ఎటలాన్లు వరుసగా పెడితే అర ఆంగ్‌స్ట్రామ్‌కు దిగుతుంది. ఆ పలకల నునుపు తలుచుకుంటే చెయ్యెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది. వేధశాలల్లో ఉండిపోవలసిన ఈ వస్తువును మామూలు ఇళ్లకు తెచ్చినవాడు డేవిడ్ లంట్. ఆయన కరోనాడో కంపెనీ 2004లో 40 మిల్లీమీటర్ల చిన్న సోలార్ టెలిస్కోప్ తెచ్చింది. మరుసటి ఏడే ఆయన పోయాడు. కొడుకు ఆండీ లంట్ సొంత కంపెనీతో ఆ పని కొనసాగించాడు.

ఎటలాన్‌ను ఎర్రగీతకు సరిచేసే ట్యూనింగ్ రింగు తిప్పేటప్పుడు పక్కన నిలబడి చూడాలి. మొదట కనబడేది వట్టి ఎర్రని బింబం. రింగు కొంచెం తిప్పితే అంచున ఒక ఎర్ర పోగు లేస్తుంది. ఇంకో వెంట్రుకవాసి తిప్పేసరికి బింబమంతా గరుకుదేరి, మచ్చల చుట్టూ పోగులు వంపులు తిరిగి, అక్కడక్కడా నల్లని పొడవాటి చారలు తేలతాయి. వాటిని ఫిలమెంట్లు అంటారు. అంచున మంటలా వెలిగేదే బింబం ముందుకు వచ్చినప్పుడు నల్లచారగా కనబడుతుంది. పదార్థం ఒకటే, వెనకున్నది చీకటి ఆకాశమా, మండే సూర్యుడా అన్నదే తేడా. రింగును గీత నడుమ నుంచి నీలం వైపు అర ఆంగ్‌స్ట్రామ్ జరిపితే, మన వైపు సెకనుకు ఇరవై మూడు కిలోమీటర్ల వేగంతో దూసుకొచ్చే వాయువు ముదురుతుంది. ఎరుపు వైపు జరిపితే వెనక్కి పోయేది. నేల మీద నిలబడి, వేలి కొసతో సూర్యుడి మీది గాలి వేగం కొలిచే విద్య ఇంకోటి ఉందా?

ఫొటో తీయడం మరో తపస్సు. పగటి గాలిలోంచి సూర్యుణ్ణి చూడటమంటే పారే ఏటి అడుగున ఉన్న గులకరాయిని చూడటమే. బొమ్మ నిమిషం నిలవదు. ఈ గాలి నిలకడనే మా వాళ్లు సీయింగ్ అంటారు. అందుకే ఒక్క ఫొటో తీయరు. సెకనుకు వందకు పైగా ఫ్రేములు తీసే నలుపు-తెలుపు కెమెరాతో ఇరవై ముప్పై సెకన్ల వీడియో తీస్తారు. రంగుల కెమెరా ఎందుకు కాదంటే, దానిలో ఎరుపును పట్టే పిక్సెళ్లు నాలుగింట ఒకటే. తీసిన వేల ఫ్రేముల్లో గాలి కుదురుగా ఉన్న క్షణాలవి నూటికి పదో పదిహేనో ఏరి, ఆటోస్టాకర్ట్‌లో ఒకదాని మీద ఒకటి పేర్చి, ఇంప్‌పీజీలో పదును పెడతారు. వీడియో నిమిషాలు సాగితే సూర్యుడి మీది పోగులే కదిలిపోయి బొమ్మ అలుక్కుపోతుంది. అంచు జ్వాలలు బింబం కంటే బాగా మసక, కాబట్టి వాటికి విడిగా ఎక్కువ ఎక్స్‌పోజరు ఇచ్చి తర్వాత కలుపుతారు. మనం చూసే బంగారు రంగు ఆఖర్న అద్దిందే. అసలు రంగు ముదురు ఎరుపు. ఇందులో మోసం లేదు, చేసింది చెప్పినంత కాలం.

ఇక ఉస్తాదులు! అమెరికాలోని బఫెలో నగరంలో ఇంటి పెరటి నుంచి తీసే అలన్ ఫ్రీడ్‌మన్ బింబం వెలుగునీడలను తిరగేసి చూపిస్తే సూర్యుడి ఒంటి మీది ప్రతి పోగూ పైకి లేస్తుంది. అర్జెంటీనా ఔత్సాహికుడు ఎడ్వర్డో షాబెర్గర్ ప్రశ్నార్థకం ఆకారంలో ఒంగిన ఫిలమెంటును పట్టి 2023లో గ్రీనిచ్ వాళ్ల ఖగోళ ఫొటోల పోటీలో సూర్యుడి విభాగం గెలిచాడు. ఆ ఫిలమెంటు మళ్లీ ఆ రూపంలో ఎవరికీ దొరకదు. ఇక ఆండ్రూ మెకార్తీ 2025 నవంబరులో ఆరిజోనాలో చేసింది చూడండి. ఆకాశంలోంచి దూకిన మనిషి సరిగ్గా హెచ్-ఆల్ఫా సూర్యుడి ముందు నుంచి పడేలా లెక్క వేసి పట్టాడు. వెనక జ్వాలలు, ముందు చిన్న నల్లని మనిషి! వాళ్లకు నేను వీరాభిమానిని, దాచుకోను.

అయితే నా మొదటి ఓటు ఫ్రాన్సులోని క్రిస్టియన్ బ్యూయిల్‌కే. ఎటలాన్ ఉన్న చిన్న టెలిస్కోప్ కూడా మన చేతికొచ్చేసరికి లక్ష దాటేస్తుంది. బడిపంతులు కొనగలిగే వస్తువు కాదు. బ్యూయిల్ ఎటలాన్‌నే పక్కన పెట్టేశాడు. త్రీడీ ప్రింటరులో అచ్చేసుకునే పెట్టె, పది మైక్రాన్ల చీలిక, మిల్లీమీటరుకు 2,400 గీతల గ్రేటింగ్, ఇవీ ఆయన సోల్‌ఎక్స్ పరికరం. మామూలు చిన్న టెలిస్కోప్‌కు తగిలించి, చీలిక మీదుగా సూర్యుణ్ణి జారనిస్తూ వీడియో తీస్తే, సాఫ్ట్‌వేరు గీత తర్వాత గీత పేర్చి మొత్తం బింబాన్ని కడుతుంది. ఇది ఖగోళ శాస్త్రజ్ఞులు హేల్, దెలాంద్ర్ 1890లలో నిలబెట్టిన పద్ధతి, కొడైకెనాల్‌లో వందేళ్లకు పైగా సూర్యుడి రోజువారీ చిత్రాలకు ఆధారమైన పద్ధతి. దాని మూలాలు గుంటూరులో సూర్యుడి అంచుకు ఆనిన ఆ చీలికలోనే ఉన్నాయి. మన ఇంజినీరింగ్ కాలేజీల్లో త్రీడీ ప్రింటర్లకు కొదువ లేదు. కావలసింది పూనిక.

మా వైపు చోట్లు కూడా ఈ పనికి తగినవే. నీటి మీద గాలి త్వరగా వేడెక్కదు, అందుకే ఉదయపూర్ సౌర వేధశాలను ఫతేసాగర్ చెరువు మధ్య దీవిలో కట్టారు. మరి కాకతీయులు మనకు ఇచ్చిపోయిందేమిటి? మహబూబాబాద్ జిల్లాలో బయ్యారం పెద్దచెరువు ఉంది. భూపాలపల్లి జిల్లా గణపురంలో కోటగుళ్ల దగ్గరే గణపసముద్రం ఉంది. వానలు వెనకబట్టాక, పొగమంచు విడిచి ఎండ ముదిరేలోపు, గాలి చెరువు మీదుగా వీచే వైపు కట్ట మీద ట్రైపాడ్ నిలపండి. జనగామ మెట్టలో సిమెంటు డాబా కంటే పచ్చని మడి పక్కనున్న గట్టు మేలు. భూపాలపల్లి వాళ్లకు ఓపెన్‌కాస్ట్ గనుల దుమ్ము, చెల్పూరు థర్మల్ పొగ ఉన్నాయి కాబట్టి గాలివాలు చూసుకోక తప్పదు. మన తిప్పలు మనవి, మన అనుకూలాలు మనవి.

ఇప్పుడు నా కడుపుమంట. ఒక పత్రిక సూర్యగ్రహణం కథనానికి కంప్యూటరు అల్లిన సూర్యుణ్ణి ముఖచిత్రంగా వేసింది. చుట్టూ సమానంగా ఎగిసే నారింజ మంటలు, నిప్పుకణికల లాంటి ఉపరితలం. ఆ తేదీన ఆ ఆకారంలో సూర్యుడి మీద ఏదీ లేదు. అసలు సూర్యుడి మీద ఎప్పుడూ లేదు. ఇంకోవైపు నిజమైన ఫొటోకే ఏఐ పదును పెట్టి, టెలిస్కోప్ చూడని పోగులను గీసి, వాటిని వివరం అని అమ్ముతున్నారు. ఇది దొంగతనం కంటే హీనం. హెచ్-ఆల్ఫా ఫొటోలో ప్రతి పోగూ ఒక తేదీకి, ఒక నిమిషానికి కట్టుబడి ఉంటుంది. 2024 మే నెలలో భూమికి పదిహేను రెట్ల వెడల్పున్న 3664 నంబరు మచ్చల గుంపు విరుచుకుపడి లదాఖ్‌లోని హాన్లే దాకా ధ్రువకాంతి తెచ్చినప్పుడు ఔత్సాహికులు తీసిన చిత్రాలు ఉన్నాయి. వాటిని ఉపగ్రహ చిత్రాల పక్కన పెట్టి సరిచూసుకోవచ్చు. కంప్యూటరు అల్లిన మంటను దేనితో సరిచూస్తారు? పిల్లల కళ్లు ఆ నకిలీ మంటలకు అలవాటుపడితే, అసలు సూర్యుణ్ణి చూపించినప్పుడు ఇంతేనా అంటారు. అన్నారు కూడా, నేను విన్నాను.

మన ఇల్లు మనమే పాడుబెట్టుకున్నామన్న బాధ దానికి తోడు. నవాబ్ జఫర్ జంగ్ 1901లో నెలకొల్పిన నిజామియా అబ్జర్వేటరీ ఆకాశ పటాల అంతర్జాతీయ ప్రణాళికలో పాలుపంచుకుంది. అక్కడ స్పెక్ట్రోహీలియోస్కోపు ఉండేది, హైడ్రోజన్ గీతలో సూర్యుణ్ణి హైదరాబాద్ నడిబొడ్డున చూసేవారు. అక్కడ పనిచేసిన తండ్రి చెయ్యి పట్టుకుని పెరిగిన వైను బప్పు తర్వాత కొడైకెనాల్‌కు డైరెక్టరయ్యాడు. ఇవాళ బేగంపేటలో ఆ గుమ్మటం శిథిలం. 1980 ఫిబ్రవరి 16 సంపూర్ణ గ్రహణానికి దేశదేశాల శాస్త్రజ్ఞులు దిగిన జాపాల్-రంగాపూర్ వేధశాల మూగబోయి చాలా కాలమైంది. ఆదిత్య-ఎల్1 శ్రీహరికోట నుంచే 2023 సెప్టెంబరు 2న ఎగిరింది. చప్పట్లు కొట్టాం, కొట్టాల్సిందే. కానీ ఆ ఉపగ్రహం చూసే సూర్యుణ్ణి ఊళ్లో ఒక్క పిల్లాడైనా తన కంటితో చూశాడా? గ్రహణం వస్తే ఇప్పటికీ తలుపులు బిగించుకుంటున్నాం. బయటికొచ్చిన కొద్దిమందిలో కొందరు ఎక్స్‌రే ఫిల్ములు పట్టుకుని కళ్లు పోగొట్టుకోవడానికి సిద్ధపడుతున్నారు.

జిల్లా విద్యాధికారులకు, సైన్సు టీచర్లకు, ఇంజినీరింగ్ కాలేజీ లెక్చరర్లకు నా విన్నపం ఒక్కటే. వరంగల్‌లో ప్రతాపరుద్ర ప్లానెటేరియం ఉంది, మూడు జిల్లాల పిల్లలనూ అక్కడికి తీసుకెళ్లండి, మంచిదే. దాంతోపాటు జనగామకు ఒకటి, మహబూబాబాద్‌కు ఒకటి, భూపాలపల్లికి ఒకటి హెచ్-ఆల్ఫా టెలిస్కోప్ ఇప్పించండి, లేదా సోల్‌ఎక్స్‌ను మీ విద్యార్థుల చేతే కట్టించండి. టెలిస్కోప్ ముందు భాగానికి సరైన ఫిల్టరు లేకుండా ఏ పిల్లవాడినీ సూర్యుడి వైపు చూడనివ్వకండి. తీసిన ప్రతి ఫొటో కింద తేదీ, సమయం, ఊరు, పరికరం రాయించండి. ప్రస్తుత సౌరచక్రం 2024లోనే శిఖరానికి చేరిందని నాసా ప్రకటించింది. ఇక ఏటేటా మచ్చలు తగ్గుతాయి, జ్వాలలూ పలచబడతాయి. మొదలుపెట్టేదేదో వచ్చే ఆగస్టు 19న మొదలుపెట్టండి.