‘కౌసా’ పదచరిత్ర: వ్యుత్పత్త్యర్థ విమర్శ

పదముయొక్క వ్యుత్పత్తి తెలిసినచో దాని నిజార్థము తెలిసినట్లేయను నమ్మకము మన విద్యాలోకమున గాఢముగా నాటుకొని యున్నది. కవిప్రయోగము ధాత్వర్థమునకు భిన్నముగా నున్నచో కవియే పొరబడెనని తీర్పు చెప్పుటయు కలదు. ఈ నమ్మకమును మన భాషలకు దూరమైన యొక పదముపై పరీక్షింపదలచితిమి. లాటిన్ నుండి పుట్టిన రోమాన్సు భాషలు ఇందుకు మిక్కిలి అనువైనవి. ఏలయన, అచ్చట తల్లిభాషకును బిడ్డభాషలకును గూడ లిఖితాధారములు సమృద్ధిగా నున్నవి.

లాటిన్‌లో ‘కౌసా’ యనగా హేతువు. న్యాయస్థానములందలి వ్యాజ్యమును అదియే. నేరము మోపుట యను నర్థముగల ‘అక్కూసారే’, నేరమునుండి తప్పించుట యను నర్థముగల ‘ఎక్స్‌కూసారే’ యనునవి యీ పదమునుండియే యేర్పడినవి. కాలక్రమమున వ్యాజ్యమునకు ఆస్పదమైన విషయము, పిదప విషయమాత్రము, తుదకు వస్తుమాత్రము ఈ పదమునకు అర్థములయ్యెను. 842లో స్ట్రాస్‌బూర్గున జరిగిన ప్రమాణముల రోమాన్సు పాఠమున ‘కోసా’ అను రూపము విషయము అను నర్థముననే కానవచ్చుచున్నది. ఇటాలియన్, స్పానిష్ భాషల ‘కోసా’, ఫ్రెంచి ‘షోజ్’, పోర్చుగీసు ‘కోయిజ’ — ఇవన్నియు నేడు వస్తువాచకములే. ఇటాలియన్‌లో నీ పదము మరియొక యడుగు వేసి, ‘ఏమి’ యను ప్రశ్నార్థకముగా గూడ నిలిచినది.

ఫ్రెంచి రూపము ధ్వనిశాస్త్రమున కొక చక్కని సాక్ష్యము. అచ్చట అకారమునకు ముందున్న కకారము తాలవ్యమైనది. ఓకారమునకు ముందు మారలేదు. శరీరవాచకమైన ‘కోర్పుస్’ శబ్దమున కకారము చెక్కుచెదరకుండుట యిందుకు నిదర్శనము. ‘కౌసా’లోని సంధ్యక్షరము మొదటనే ఓకారమై యుండినచో కకారము నిలిచి యుండవలెను. నిలువలేదు. కావున తాలవ్యీకరణమే ముందు జరిగినదనియు, ఓకారము తరువాత వచ్చినదనియు తేలుచున్నది. ఒక్క పదము రెండు మార్పుల పౌర్వాపర్యమును నిరూపించుచున్నది.

ఫ్రెంచిలో ‘షోజ్’ గాక, హేతువు అను నర్థమున ‘కోజ్’ అను పదమును కలదు. ఇది పండితులు లాటిన్ గ్రంథములనుండి తిరిగి తెచ్చుకొన్నది. వీనిని మన తత్సమ తద్భవములతో పోల్చుట సహజమే. ‘కార్యము’, ‘కర్జము’ అను జంట వెంటనే స్మరణకు వచ్చును. కాని యీ పోలికకు హద్దు గలదు. ‘షోజ్’ తల్లిభాషనుండి నోటివెంబడి వచ్చిన వారసత్వము. తెలుగునకు సంస్కృతము తల్లి కాదు. ‘కర్జము’ ప్రాకృతమార్గమున వచ్చిన యెరవు. మన జంటలో రెండును ఎరవులే. ఫ్రెంచి జంటలో నొకటియే ఎరవు. ఈ భేదమును గమనింపక వ్రాయబడు తులనాత్మక వ్యాసములు పాఠకుని పెడదారి పట్టించును.

వస్తువునకు లాటిన్‌లో పూర్వమునుండి యున్న పదము ‘రేస్’. ‘కౌసా’ దాని స్థానము నాక్రమించినది. ‘రేస్’ పూర్తిగా నశింపలేదు. దాని ద్వితీయావిభక్తి రూపమగు ‘రెమ్’ ఫ్రెంచిలో ‘రియాఁ’ అయినది. ప్రాచీన ఫ్రెంచిలో వస్తువు అను నర్థముగల యీ పదమునకు నేడు ‘ఏమియు లేదు’ అని యర్థము! నిషేధవాక్యములలో తరచుగా వాడబడి, నిషేధమునే తనలో నింపుకొన్నది. మిషెల్ బ్రేఆల్ 1897లో ప్రకటించిన అర్థవిజ్ఞానగ్రంథమున నిట్టి మార్పును సంక్రమణముగా వివరించెను. స్పానిష్ ‘నాదా’ కథయు నిట్టిదే: పుట్టిన వస్తువు అను పదబంధమున వస్తువు జారిపోయి, ‘పుట్టిన’ యను విశేషణమే శూన్యవాచకమైనది. ఈ పదములకు వ్యుత్పత్త్యర్థమే నిజార్థమని పట్టుబట్టినచో, ఫ్రెంచివాడు లేదన్నచోట ఉన్నదని గ్రహింపవలసి వచ్చును.

ఇక మన ‘వ్యవహారము’. ధర్మశాస్త్రములందు వ్యాజ్యము, కేతన విజ్ఞానేశ్వరీయమున వ్యవహారకాండ మిట్టిదే. నేటి తెలుగున నది యేదైన నొక విషయము. ‘కౌసా’ నడచిన దారినే యిదియు నడచినదని చెప్పుటకు మనసు త్వరపడును. మేమును తొలుత నట్లే భావించితిమి. కాని సంస్కృతముననే ‘వ్యవహారము’నకు నడవడి, లావాదేవి యను సామాన్యార్థములు కలవు. కావున తెలుగర్థము న్యాయస్థానమునుండియే వచ్చినదని తేల్చుటకు వీలులేదు. గమ్యము లొక్కటియైనంతమాత్రమున మార్గము లొక్కటి కానేరవు.

మన శాస్త్రకారులు యోగము, రూఢి యని వేరుపరచి, రూఢి బలీయమని చెప్పిరి. ‘కౌసా’ చరిత్ర దానికి మరియొక సాక్ష్యము. ఆ పదమునకు లాటిన్‌కు పూర్వపు మూలమేదో పండితులు నేటికిని నిశ్చయింపలేదు. అయినను దాని యర్థచరిత్ర శతాబ్దముల ప్రయోగములవలన సుస్పష్టము. ధాతువు లేకయు పదచరిత్రను వ్రాయవచ్చును. ప్రయోగములు లేక వ్రాయజాలము. పరిశోధకవిద్యార్థి ముందుగా కాలనిర్ణయముగల ప్రయోగములను వరుసగా సేకరింపవలెను. ధాతువిచారము ఆ తరువాతనే చేయదగును.