ఈత కొలను: క్లోరిన్ కంటే ముందు పీహెచ్

ఇంట్లోనో ఫామ్‌హౌస్‌లోనో ఈత కొలను కట్టించుకున్నవారిని తొలి వేసవిలోనే కంగారుపెట్టేది నీటి రంగు. తేటగా ఉన్న నీరు రాత్రికి రాత్రే పచ్చబారడం, డబ్బాల కొద్దీ క్లోరిన్ గుమ్మరించినా అది తేరుకోకపోవడం కొత్త యజమానులలో చాలామందికి ఎదురయ్యే పరిస్థితే. పరీక్షించకుండా మందు వేయడమే, అందునా పీహెచ్ చూడకుండా క్లోరిన్ వేయడమే దీనికి చాలాసార్లు కారణమవుతుంది.

నీటి ఆమ్ల, క్షార గుణాలను తెలిపే కొలమానం పీహెచ్. కొలనులో అది 7.2 నుంచి 7.8 మధ్య ఉండాలి. నీటిలో కరిగిన క్లోరిన్ రెండు రూపాల్లో ఉంటుంది. వాటిలో క్రిములను, నాచును చురుగ్గా చంపేది హైపోక్లోరస్ ఆమ్లం కాగా, రెండోదైన హైపోక్లోరైట్ అయాన్ బలం అంతకంటే ఎన్నో రెట్లు తక్కువ. పీహెచ్ 7.5 దగ్గర ఇవి ఇంచుమించు సగం సగం ఉంటాయి గాని, 8కి చేరేసరికి బలమైన రూపం దాదాపు నాలుగో వంతుకు పడిపోతుంది కనుక, వేసిన మందులో అధిక భాగం పనిచేయకుండానే మిగిలిపోతుంది. తెలంగాణలో బోరు నీళ్లకు కాఠిన్యం, క్షారత ఎక్కువగా ఉండే చోట్లు చాలా ఉన్నాయి. అలాంటి నీటితో నింపిన కొలనులో పీహెచ్ పదేపదే పైకి ఎగబాకి, నీటిమట్టం దగ్గర టైల్స్ మీద తెల్లటి సున్నపు పొర కడుతుంది. పీహెచ్‌ను దించడానికి వాడే యాసిడ్‌ను నీటిలో పోయాలి తప్ప యాసిడ్‌లో నీళ్లు పోయకూడదు. అది క్లోరిన్‌తో నేరుగా కలిస్తే విషవాయువు పుడుతుంది కాబట్టి రెండింటినీ ఒకేచోట నిల్వ చేయడం కూడా ప్రమాదమే.

పరీక్ష కష్టమైన పని కాదు. మోచేతి లోతు నుంచి తీసిన నీటిలో ఫినాల్ రెడ్ చుక్కలు వేసి, మూత బిగించి మెల్లగా తిరగేస్తే, రంగు పసుపు వైపు మళ్లితే పీహెచ్ తక్కువనీ, నారింజ ఎరుపులో నిలిస్తే సరిగా ఉందనీ, ముదురు గులాబీగా మారితే ఎక్కువనీ తెలుస్తుంది. క్లోరిన్‌కు మాత్రం డీపీడీ కిట్ కొనడం మేలు. పసుపు రంగు చూపే ఓటీఓ కిట్, చెమట, మూత్రాలతో క్లోరిన్ కలిసి ఏర్పడే, బలం తగ్గిన క్లోరమైన్లను కూడా లెక్కలో కలిపేస్తుంది. ఇంకా ఖర్చుకాని ఫ్రీ క్లోరిన్‌ను విడిగా చూపేది డీపీడీ ఒకటో మాత్రే. ఫ్రీ క్లోరిన్ లీటరుకు 1 నుంచి 3 మిల్లీగ్రాములు ఉండాలి. ముక్కుకు ఘాటుగా తగిలే వాసన క్లోరిన్ ఎక్కువైందనడానికి గుర్తని చాలామంది అనుకుంటారు గాని, ఆ వాసన క్లోరమైన్లది.

మోతాదుకు కొలను పరిమాణం తెలియాలి. 10 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు, సగటున 1.4 మీటర్ల లోతు ఉంటే 70,000 లీటర్లు పడతాయి. అందులో క్లోరిన్‌ను లీటరుకు 1 మిల్లీగ్రాము పెంచడానికి 65 శాతం క్లోరిన్ ఉన్న పొడి సుమారు 108 గ్రాములు చాలు. ఎండకు క్లోరిన్ త్వరగా హరించుకుపోతుంది గనుక పొద్దు వాలాక, పంపు తిరుగుతుండగా వేయడం మంచిది.

నీరంతా రోజుకు ఒక్కసారైనా ఫిల్టర్ గుండా సాగేలా పంపు నడపాలి. ఇసుక ఫిల్టర్ మీది గేజ్ శుభ్రంగా ఉన్నప్పటి కంటే 8 నుంచి 10 పీఎస్ఐ ఎక్కువ చూపితే, పంపు ఆపి, వాల్వ్ పిడి మార్చి, నీటిని ఎదురు నడిపి మురికిని బయటికి తోసే బ్యాక్‌వాష్ చేయాలి. ఆ నీరు తేటబడేదాకా ఆపరాదు.

ఇవన్నీ కుదిరినా, లోతైన చివర అడుగున ఉన్న జాలీ గట్టు మీది నుంచి స్పష్టంగా కనిపించని రోజున, మునిగిన మనిషి కూడా కనిపించడు కనుక, ఆ కొలనులోకి ఎవరినీ దింపకూడదు.