నింద పోయాక మిగిలే భయం

సూజన్ సాంటాగ్ 'ఇల్‌నెస్ యాజ్ మెటఫర్' 1978లో వచ్చింది. అంతకు మూడేళ్ల ముందు ఆమెకు రొమ్ము కేన్సర్ బయటపడింది. పెద్ద ఆపరేషన్ అయింది, కీమోథెరపీ తీసుకుంది. పుస్తకంలో ఆ సంగతి ఒక్కచోటా కనపడదు. కనపడేదల్లా వాదన. క్షయ సున్నితమైన మనుషులకొచ్చే జబ్బనీ, కోపాన్నీ కోరికల్నీ లోపలే అణచుకున్నవాళ్లకి కేన్సర్ వస్తుందనీ ఒకప్పుడు చదువుకున్నవాళ్లే నమ్మారు. ఒక జబ్బుకి శరీరంలో కారణం దొరకనంత కాలం దాన్ని రోగి స్వభావం మీదికి నెడతారంటుంది సాంటాగ్. 1882లో రాబర్ట్ కాఖ్ క్షయ క్రిమిని చూపించినా ఆ కథలు వెంటనే చావలేదు. మందులొచ్చి జబ్బు నయమవడం మొదలయ్యాకే వాటికి బలం తగ్గింది. అప్పటిదాకా రోగికి రెండు బరువులు: ఒకటి జబ్బు, రెండోది దాన్ని తానే తెచ్చుకున్నాడన్న మాట.

ఈ పుస్తకాన్ని నేను రెండోసారి చదివింది నా ఆపరేషన్ తారీఖు ఖాయమయ్యాక. తొమ్మిదేళ్లుగా నాకు అల్సరేటివ్ కొలైటిస్. మందులు పనిచేయడం మానేశాయి కాబట్టి వచ్చే నెల పెద్దపేగు తీసేస్తారు. సాంటాగ్ రాసింది నా జబ్బు గురించి కాదు. అయినా ఆ వాదన దీనికీ అతికినట్టు సరిపోతుంది. ఫ్రాంజ్ అలెగ్జాండర్ అనే మానసిక విశ్లేషకుడు 1950లో 'సైకోసొమాటిక్ మెడిసిన్' అనే పుస్తకం వేశాడు. మనసులోని సంఘర్షణలతో ముడిపెట్టి ఆయన పరిశీలించిన జబ్బుల్లో ఏడు బాగా పేరుపడ్డాయి. కడుపులో పుండు వాటిలో ఒకటి, నా జబ్బు మరొకటి. కడుపులో పుండుకి చాలావరకు ఒక బ్యాక్టీరియా కారణమని బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్ 1980లలో చూపించారు, 2005లో నోబెల్ అందుకున్నారు. పుండున్నవాళ్లు ఆ నింద నుంచి చాలావరకు బయటపడ్డారు.

నా జబ్బుకి ఆ అదృష్టం ఇంకా పట్టలేదు. రోగనిరోధక వ్యవస్థ, జన్యువులు, పేగుల్లో ఉండే సూక్ష్మజీవులు, ఇవన్నీ కలిసి చేసే గొడవ అంటారు డాక్టర్లు. ఒకే కారణమంటూ లేదు. కారణం లేనిచోట మాట పుడుతుంది. "ముందే ఆవకాయ మానేసి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదు." "నువ్వు ప్రతిదీ మనసులో పెట్టుకుంటావు, అదే తినేసింది." "ఏ జన్మలో చేసుకున్నదో!" అన్నవాళ్లంతా నా మంచి కోరేవాళ్లే. వాళ్లు అనని రోజు కూడా, రాత్రి పదకొండు దాటాక ఆ గొంతులు నాకు వినపడతాయి.

సాంటాగ్‌తో నా పేచీ ఇక్కడ మొదలవుతుంది. నింద అబద్ధమని రుజువు చేస్తే రోగి తేలికపడతాడన్నది ఆమె నమ్మకం. కానీ ఆ నింద ఊరికే బతకదు, అది రోగికి ఒక పని చేసిపెడుతుంది. నావల్లే వచ్చిందనుకుంటే, ఒకప్పుడు అది నా చేతిలో ఉండేదన్నమాట. ఇక ముందు జాగ్రత్తగా ఉంటే మళ్లీ రాదన్నమాట. ఎవరి తప్పూ లేదు, ఇది ఇలా వచ్చింది అనేసరికి పట్టుకోడానికి ఏమీ మిగలదు. నింద వెనకాల దాక్కున్న భయం అప్పుడు నేరుగా ఎదురొస్తుంది. ఆ భయంతో ఏం చేయాలో ఈ పుస్తకం చెప్పదు.

ఎందుకు చెప్పలేదో 1989లో వచ్చిన 'ఎయిడ్స్ అండ్ ఇట్స్ మెటఫర్స్'లో తెలుస్తుంది. ఎలా ఏడ్చానో, ఎలా తట్టుకున్నానో చెప్పే మరో కథ వల్ల పెద్ద ప్రయోజనం ఉండదనీ, కథ కన్నా ఆలోచనే ఎక్కువ పనికొస్తుందనీ అనుకున్నానని ఆమే రాసింది. పగటిపూటకి అది నిజం. రాత్రికి మాత్రం కథ కావాలి.

నాకు దొరికిన కథ చాలా పాతది. ఫ్యానీ బర్నీ అనే ఇంగ్లీషు నవలాకారిణికి 1811 సెప్టెంబరు 30న పారిస్‌లో, ఆమె ఇంట్లోనే, రొమ్ము తీసేశారు. నెపోలియన్ సైన్యంలో పేరుమోసిన డొమినిక్ లారే ఆ వైద్య బృందంలో ఉన్నాడు. ఈథర్ మత్తు లోకానికి తెలిసింది 1846లో కాబట్టి ఆమెకి ఇచ్చింది మత్తుమందు కాదు, కాస్త మద్యం. కొన్ని నెలల తర్వాత అక్క ఎస్తర్‌కి ఇదంతా ఉత్తరంలో రాసింది. అది పూర్తి చేయడానికీ నెలలు పట్టింది, రాసింది తిరిగి చదువుకోలేకపోయింది.

ఉత్తరంలో కత్తి కంటే నన్ను ఎక్కువ కుదిపింది ఎదురుచూపు. డాక్టర్లు రావడం ఆలస్యమైంది. సిద్ధం చేసిన కట్లు, స్పాంజీలు చూసి ఆమెకి కడుపులో తిప్పింది. అటూ ఇటూ తిరిగింది, భర్తకీ కొడుక్కీ రెండు ముక్కలు రాసి పెట్టింది. మొహం మీద కప్పిన పల్చటి రుమాలులోంచి కత్తి మెరుపు కనపడింది. కోస్తున్నంతసేపూ అరిచింది, ఆ సంగతి దాచలేదు. తర్వాత ఇరవై ఎనిమిదేళ్లకు పైగా బతికి 1840లో పోయింది.

"ధైర్యంగా ఉండు" అని నాకు రోజూ ఎవరో ఒకరు చెబుతున్నారు. ఉండలేకపోతే అదీ నా తప్పుల పద్దులోకే చేరుతుంది. బర్నీ ఆ పద్దు కొట్టేసింది. భయపడింది, అరిచింది, ఆపరేషన్‌కి మాత్రం తానే ఒప్పుకుంది. భయం, ఒప్పుకోలు ఒకే మనిషిలో పక్కపక్కన ఉండగలవని ఈ ఉత్తరం సాక్ష్యం. ఆమె మంచం మీదికి ఎక్కేనాటికి భయమేమీ తగ్గలేదు.

మీ ఇంట్లో ఎవరైనా ఇలాంటి తారీఖు కోసం ఎదురుచూస్తుంటే ఈ రెండూ చదవమనండి. సాంటాగ్‌ని ముందుగా, తీరిక ఉన్నప్పుడు, తలలోని ఆ గొంతుల నోరు మూయించడానికి. బర్నీ ఉత్తరంలో కోత గురించిన భాగం మాత్రం ముందు రోజు వద్దు. ఎదురుచూపు దాకా చదివి ఆపేస్తే చాలు. నేనూ అలాగే చేద్దామనుకుంటున్నాను.