గిడుగు ఒక పీరియడ్‌లో, గజపతి ఇంకో పీరియడ్‌లో

ఏటా ఆగస్టు 29 వచ్చేసరికి గిడుగు రామమూర్తి పంతులుగారి మీద నాలుగైదు వ్యాసాలు చదువుతాం. అన్నింట్లోనూ ఒకటే మాట: వాడుక భాష కోసం పోరాడేరు, గొప్పవారు. నిజమే. కానీ మన చికిటి, బరంపురం వైపు చదువుకున్నవాళ్లకి అది సగం కథే.

మా హైస్కూలు రోజుల్లో తెలుగు ఒక పీరియడ్. సోషల్ ఇంకో పీరియడ్, అదీ ఒడియాలో. తెలుగు మాష్టారు గిడుగువారి గురించి చెప్పేవారు. సోషల్ సారేమో 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడిందనీ, అందుకు పర్లాకిమిడి మహారాజా కృష్ణచంద్ర గజపతి పాటుపడ్డారనీ, 1937లో తొలి ప్రధాని అయ్యారనీ చెప్పేవారు (అప్పట్లో రాష్ట్రానికీ ప్రధానే). ఇద్దరూ శ్రద్ధగానే చెప్పేరు. ఆ పెద్దమనుషులిద్దరిదీ ఒకే ఊరన్న సంగతి మాత్రం ఏ పీరియడ్‌లోనూ రాలేదు.

గిడుగు 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో చేరి, 1911 దాకా అక్కడే పనిచేసేరు. ఆ ఊరు ఒరిస్సాలో కలవడం ఆయనకి ఇష్టం లేదు. వద్దని వాదించి, కలిసిన ఏడాదే, డెబ్బై దాటిన వయసులో ఇల్లు విడిచి రాజమండ్రి వెళ్లిపోయేరు. రాజావారు కలపాలన్నారు, పంతులుగారు కూడదన్నారు. పిల్లలు కళ్లు పెద్దవి చేసుకుని వినే పాఠం ఇది. దీన్ని రెండు ముక్కలు చేసి, రెండు భాషల్లో, రెండు పరీక్షల్లో పెట్టేరు. సోషల్‌లో ఒక తేదీ మిగిలింది, తెలుగులో ఒక పొగడ్త.

అసలు గిడుగువారు చెప్పిన పాఠం చరిత్రే. ముఖలింగం శాసనాలు సొంతంగా చదవడం నేర్చుకున్నారు. సవర భాష నేర్చుకుని వాళ్ల పిల్లలకి వాచకాలు తయారుచేసేరు, 1931లో ఆ భాష వ్యాకరణం అచ్చయింది. ఆయనకి భాష వేరు, సోషల్ వేరు కాదు.

అయితే మనవాళ్ల వాదన ఒక్కటే చెప్పినా తప్పే. మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నన్నాళ్లూ గంజాం కచేరీల్లో, బళ్లలో తెలుగువాళ్ల పెత్తనం ఎక్కువని ఒడియావాళ్లకి ఉన్న బాధ ఉత్తిది కాదు. 1903లో మధుసూదన దాసుగారు ఉత్కళ సమ్మిళని మొదలెట్టింది ఊరకే కాదు. మన తెలుగు వ్యాసాల్లో ఈ ముక్క కనబడదు. ఆ లోటు మనదే.

ఈ విడగొట్టడంలో ఎక్కువ నష్టపోయింది మన మాట. ‘ఏటి’ అని రాస్తే తెలుగు నోట్సులో ఎర్ర సిరా పడేది. బుగత, కంబారి అన్న మాటల్లో జమీందారీ కాలపు పొలం లెక్కంతా ఉంది: ఎవరిది భూమి, ఎవరిది ఏడాది పొడుగునా చాకిరీ. ఇవి తెలుగు పీరియడ్‌లో మోటు మాటలు. సోషల్ పీరియడ్‌లో అసలు లేవు.

పెద్ద పండితుల పనిలోనూ ఇదే గీత. భద్రిరాజు కృష్ణమూర్తిగారి మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం, వ్యవసాయ పదాలది, 1962లో వచ్చింది. అంత మంచి పని మరొకటి లేదు. కానీ అది ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ పుస్తకం కదా, శ్రీకాకుళం జిల్లాతో ఆగిపోయింది. అంటే ఇచ్ఛాపురం గీతకి ఆ పక్క, చికిటి ఈ పక్క. 1936లో దేశపటం మీద గీసిన గీత పాతికేళ్ల తరువాత నిఘంటువుకీ పొలిమేర అయిపోయింది.

ఇప్పుడు మన పిల్లలకి పాఠం చెప్తున్న మాష్టార్లు ఇది చదివితే ఒక్క పని చెయ్యండి. ‘ఒరిస్సా ఎప్పుడు ఏర్పడింది?’ అన్న ఒక మార్కు ప్రశ్న పక్కన ఇంకోటి ఇవ్వండి: మీ నాయనమ్మ పుట్టిల్లు గీతకి ఏ పక్క, కంబారిని ఆ ఊళ్లో ఏమనేవారు? జవాబు తెలుగులో రాసినా, ఒడియాలో రాసినా మార్కులు వెయ్యండి.