ఒక్క అక్షరము – రెండర్థములు

ఒకే రోగినుండి తీసిన క్రిమిని రెండు దేశములలో పరీక్షించిరి అనుకొనుడు. క్రిమి యొక్కటే, మందు నొక్కటే. ఒకచోట ‘ఈ మందు పనిచేయును’ అనియు, మరియొకచోట ‘పనిచేయదు’ అనియు వ్రాసినచో వైద్యుడు దేనిని నమ్మవలెను? యూరపులో చాలకాల మిట్టి అవస్థయే యుండెను.

పరీక్షా విధానము సులభమైనదే. గాజుపళ్లెములోని ఆగార్ పొరపై క్రిములను పరచి, మందు పట్టించిన కాగితపు బిళ్ళలను దానిపై ఉంచుదురు. 35 డిగ్రీల సెంటిగ్రేడు వెచ్చదనములో సుమారు 18 గంటలు గడచిన పిమ్మట, మందు పనిచేసినచో బిళ్ళచుట్టును క్రిములు పెరుగని వలయ మేర్పడును. దాని వ్యాసమును మిల్లీమీటర్లలో కొలుతురు. వలయ మెంత వెడల్పున్న మందు పనిచేయునని చెప్పవచ్చును? ఈ హద్దును బ్రిటన్, ఫ్రాన్సు, జర్మనీ, స్వీడన్ మున్నగు దేశములు వేర్వేరుగా నిర్ణయించుకొనెడివి.

1983లో ఏర్పడిన యూరపు చికిత్సా సూక్ష్మజీవశాస్త్ర, సంక్రమణ వ్యాధుల సంఘము ఈ చిక్కును విప్పుటకు పూనుకొన్నది. ఇది మహాసభలు జరుపుచున్నది, పత్రికను నడుపుచున్నది. వానికంటె మేలైన పని 1997లో ‘యూకాస్ట్’ అను సమితిని నెలకొల్పుట. 2002 నుండి ఆయా దేశముల ప్రతినిధులు అందులో చేరి, అందరికిని ఒకే హద్దును నిర్ణయించుచున్నారు. ఆ పట్టికలు ఎవరికైనను ఉచితముగా లభించును.

అయినను ఒక లోపమును చెప్పక తప్పదు. పరీక్షాఫలితమును మూడక్షరములతో తెలుపుదురు. ‘ఎస్’ అనగా మందు పనిచేయును. ‘ఆర్’ అనగా పనిచేయదు. నడుమ నున్నది ‘ఐ’. దీనిని వైద్యులు చిరకాలము సందేహసూచకముగానే చదువుకొనిరి. 2019లో యూకాస్ట్ దాని నిర్వచనమును మార్చినది. క్రిమియున్న చోటికి మందు హెచ్చుగా చేరినచో, అనగా మోతాదు పెంచినను, లేక అచ్చట మందు సహజముగనే హెచ్చుగా చేరినను, అది పనిచేయునని క్రొత్త అర్థము. శాస్త్రదృష్టితో ఇది సరియైనదే. కాని అర్థము మారినను అక్షరము మారలేదు!

2020 నుండి సూడోమోనాస్ ఎరుజినోసా అను సామాన్యక్రిమికి కూడ, సెఫ్టజిడిమ్ వంటి మందుల ఎదుట ‘ఐ’ అనియే వ్రాయుచున్నారు. పాత అర్థము మనసులో నున్న వైద్యుడు ఆ మందును విడిచి, అవసరమునకై కాపాడుకొనవలసిన మెరోపెనెమ్‌ను వాడవచ్చును. అట్లు వాడినకొలది దానికిని లొంగని క్రిములు ప్రబలును.

అందరికిని ఒకే కొలత నేర్పరచుటలో ఈ సంఘము ఆదర్శప్రాయము. ఆ కొలత అర్థమును రోగి మంచము వద్దకు చేర్చుటలో చేయవలసిన పని ఇంకను గలదు. సంఖ్యప్రక్క ప్రమాణము వ్రాయని విద్యార్థికి మార్కులు తగ్గించు ఉపాధ్యాయులు ఈ భేదమును సులువుగా గ్రహింపగలరు.